ఇంజెక్షన్ వచ్చిందట కదా డాక్టర్ గారూ?

మతిమరుపు, అల్జీమర్స్, పార్కిన్సన్స్: పాఠకుల ప్రశ్నలకు బెంగళూరు న్యూరాలజిస్టు జవాబులు

ఈసారి ప్రశ్నలన్నీ మెదడు మీదే. ఎక్కువ బెంగళూరులో ఉంటున్న తెలుగువాళ్ల నుంచే వచ్చాయి, అందులో ఆశ్చర్యం లేదు. అనంతపురం, మదనపల్లె, కడప వైపు ఊళ్లలో ఒంటరిగా మిగిలిన అమ్మనో నాన్ననో ఇక్కడి ఫ్లాట్‌కి తెచ్చుకున్నాకే చాలామందికి వాళ్ల మతిమరుపు కళ్లబడుతుంది. ఒకేలాంటి ఉత్తరాలు కలిపేశాను, పేర్లు తీసేశాను.

ప్రశ్న: మా అత్తయ్యకి 71. మామయ్య పోయాక మదనపల్లె నుంచి మా దగ్గరికి తీసుకొచ్చాం. చెప్పిందే చెప్తారు, కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తారు, మొన్న టీవీ రిమోట్ ఫ్రిజ్‌లో దొరికింది. మా ఆయనేమో వయసు కదా, ఎవరికైనా ఉండేదే అంటారు. ఏది వయసు, ఏది జబ్బు?
(ఒక పాఠకురాలు, మారతహళ్లి)

జవాబు: మీ ఆయన మాటలో సగం నిజముంది. నలభై దాటాక మెదడు పరిమాణం పదేళ్లకి సుమారు 5 శాతం చొప్పున తగ్గుతుందని ఒక లెక్క, డెబ్బై తర్వాత ఇంకాస్త వేగంగా. రోజూ లక్షల మెదడు కణాలు చచ్చిపోతాయని ఎప్పుడో చదివి ఉంటే మాత్రం దాన్ని నమ్మకండి. మనకి సుమారు 8,600 కోట్ల న్యూరాన్లు ఉంటాయి, జబ్బు లేకుండా ముసలివాళ్లయితే అందులో పోయేవి తక్కువే, పలచబడేది ఎక్కువగా వాటి కొమ్మలూ వాటి మధ్య ఉండే అతుకులూను. అందుకే పేరు నాలుక చివర ఆగిపోతుంది, లెక్క ఆలస్యంగా తేలుతుంది, ఫోన్లో మాట్లాడుతూ పాలు పెడితే పాలు పొంగిపోతాయి. తెలిసిన మాటలూ లోకజ్ఞానం మాత్రం ఎక్కడికీ పోవు. సామెతల పోటీ పెడితే డెబ్బయ్యేళ్ల ఆవిడ ముందు ఇరవయ్యేళ్ల మనవరాలు నిలవలేదు.

జబ్బు తీరు వేరు. పెళ్లికి ఎవరెవరు వచ్చారో గుర్తు లేకపోతే అది వయసు కావచ్చు, అసలు పెళ్లికి వెళ్లొచ్చిన సంగతే గుర్తు లేకపోతే, మీరు ఫొటో చూపించినా "నేనూ వచ్చానా?" అంటే చూపించుకోవాలి. నలభయ్యేళ్లుగా చేస్తున్న పులుసు మధ్యలో ఆగిపోయి తర్వాత ఏం వేయాలో తోచకపోవడం, కూరగాయలవాడికి ఐదొందల నోటు ఇచ్చి ఎంత చిల్లర రావాలో తేల్చుకోలేకపోవడం కూడా అంతే.

నా గదిలో నేను స్కాన్ కన్నా ముందు చూసేది ఇంకోటి ఉంది. "ఏమ్మా, పొద్దున ఏం తిన్నారు?" అని పెద్దావిడనే అడిగి ఊరుకుంటాను. ఇడ్లీ తిని దోసె తిన్నానన్నా ఫర్వాలేదు, తనే చెప్పారు కదా. అలా కాకుండా, నోరు తెరవకముందే తల తిప్పి కోడలి మొహంలోకి చూశారనుకోండి, ప్రతి ప్రశ్నకీ అదే చేశారనుకోండి, ఆ సంగతి రాసుకుంటాను. అల్జీమర్స్‌లో ఈ తల తిప్పడం ఎంత తరచుగా కనిపిస్తుందంటే వైద్యులు దానికి ఒక పేరే పెట్టారు. మీరు కూడా ఇంట్లో గమనించవచ్చు, కాకపోతే ఆ సమయంలో మీరు జవాబు అందించకూడదు, అదే కష్టం.

మీ అత్తయ్య విషయంలో జబ్బు పేరు పెట్టే ముందు చూడాల్సినవి చాలా ఉన్నాయి. భర్త పోయారు, ఊరు మారింది, పలకరించేవాళ్లు లేరు. పెద్దవాళ్లలో డిప్రెషన్ ఏడుపుగా కాక మతిమరుపుగా బయటపడటం నేను వారం వారం చూస్తాను. బీ12 తగ్గడం, థైరాయిడ్ మందగించడం, సోడియం పడిపోవడం (కొన్ని బీపీ మాత్రలతో ఇది జరుగుతుంది), బాత్రూంలో జారిపడి తలకి తగిలిన దెబ్బ వల్ల కొన్ని వారాల తర్వాత లోపల రక్తం చేరడం, ఇవన్నీ డిమెన్షియాలాగే (మతి క్రమంగా క్షీణించే జబ్బులన్నిటికీ కలిపి పేరు, అల్జీమర్స్ వాటిలో ఒకటి) కనిపిస్తాయి, పట్టుకుంటే చాలావరకు బాగవుతాయి. షుగరుకి ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకి బీ12 తగ్గే అవకాశం ఎక్కువ, పాలూ పెరుగూ సరిగ్గా తీసుకోని శాకాహారులకీ అంతే. ఇంకో మాట, వచ్చేటప్పుడు ఆవిడ వేసుకునే మాత్రలన్నీ ఒక కవర్లో వేసుకుని తీసుకురండి, చీటీ కాదు, మాత్రలే. నిద్రమాత్రలు, దురదకీ జలుబుకీ వాడే మత్తు మాత్రలు, మూత్రం ఆగడం లేదని ఇచ్చే కొన్ని మందులు, ఇవే సగం మతిని తినేసిన సందర్భాలున్నాయి.

బెంగళూరులో ఒక ప్రత్యేకమైన చిక్కు కూడా ఉంది. జ్ఞాపకశక్తి పరీక్షలో "మనం ఎన్నో అంతస్తులో ఉన్నాం? ఇది ఏ జిల్లా?" అని అడుగుతారు. ఈమధ్యే ఊరు నుంచి వచ్చిన ఆవిడకి, అదీ కన్నడంలోనో ఇంగ్లిష్‌లోనో అడిగితే, మార్కులు ఎందుకు వస్తాయి? ఐసీఎమ్ఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్లు మన దేశం కోసం తయారు చేయించిన పరీక్షల సెట్టు తెలుగులో కూడా ఉంది. నిమ్హాన్స్ అయినా ఇంకే ఆస్పత్రి అయినా, తెలుగులో పరీక్ష చేసేవాళ్లున్నారా అని ముందే అడిగి అపాయింట్‌మెంట్ తీసుకోండి. మొహమాటపడకండి. మీ ఆయనకి ధైర్యం చెప్పడానికి ఒక అంకె: అరవై దాటినవాళ్లలో సుమారు 7.4 శాతం మందికి, అంటే దేశం మొత్తం మీద దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన జాతీయ అంచనా. సంఖ్య పెద్దదే, కానీ వందలో తొంభై మందికి పైగా లేనట్టే కదా.

ప్రశ్న: వయసు 34, ఐటీ ఉద్యోగం. మీటింగ్‌లో పేర్లు గుర్తురావు, కిచెన్‌లోకి ఎందుకొచ్చానో మర్చిపోతున్నాను. గూగుల్ చేస్తే చిన్న వయసులోనే అల్జీమర్స్ అని వచ్చింది. చాలా టెన్షన్‌గా ఉంది. ఎమ్ఆర్ఐ తీయించుకోనా?
(హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్)

జవాబు: వద్దు. రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నారో రాయలేదు, రాసి ఉంటే జవాబు మీకే దొరికేది. అమెరికా క్లయింట్ కాల్ అయ్యేసరికి ఒంటిగంట, పొద్దున మళ్లీ సిల్క్ బోర్డ్ ట్రాఫిక్, మధ్యలో మూడు స్క్రీన్లు. మనసు పెట్టనిది మెదడులో పడదు, పడనిది గుర్తురాదు, దాన్ని మర్చిపోవడం అనడమే తప్పు. బీ12, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి, నెల రోజులు ఏడు గంటలు నిద్రపోయి చూడండి. మతిమరుపు గురించి మీరే ఇంత వివరంగా రాశారు కదా, అదొక మంచి గుర్తు. అల్జీమర్స్ ఉన్నవాళ్లకంటే వాళ్ల ఇంట్లోవాళ్లే ఎక్కువ కంగారు పడతారు.

ప్రశ్న: నాన్నకి 68, రెండేళ్ల కిందట అల్జీమర్స్ అన్నారు. ఇప్పుడు స్నానానికి కూడా సాయం కావాలి, నన్ను ఒక్కోసారి తన తమ్ముడనుకుంటారు. న్యూజెర్సీలో ఉన్న అన్నయ్య అక్కడ ఇంజెక్షన్ వచ్చింది, ఎంత ఖర్చయినా తెప్పిద్దాం అంటున్నాడు. నిజంగా పనిచేస్తుందా?
(వైట్‌ఫీల్డ్ పాఠకుడు)

జవాబు: ఈ ప్రశ్న ఈ నెలలో అందరికన్నా ఎక్కువమంది అడిగారు, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

1906లో అలోయిస్ అల్జీమర్ అనే జర్మన్ వైద్యుడు చనిపోయిన ఒక రోగి మెదడుని సూక్ష్మదర్శిని కింద చూసి రెండు వింతలు చెప్పాడు: కణాల మధ్య గడ్డలు, కణాల లోపల చిక్కుపడిన పోగులు. గడ్డల్లో ఉండేది అమిలాయిడ్ అనే ప్రోటీన్ అనీ, పోగుల్లో ఉండేది టౌ అనే ఇంకో ప్రోటీన్ అనీ చాలా దశాబ్దాల తర్వాత తేలింది. అప్పటినుంచి అమిలాయిడ్‌ని తీసేస్తే జబ్బు ఆగుతుందని వరసగా మందులు చేశారు, వరసగా ఫెయిలయ్యాయి. 2021లో అడుకానుమాబ్ అనే మందుకి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది, దాని మీద పెద్ద గొడవే జరిగింది, 2024లో కంపెనీయే దాన్ని మానేసింది. 2023లో వచ్చిన లెకానెమాబ్, 2024లో వచ్చిన డోనానెమాబ్ అలా కావు, ఇవి ట్రయల్‌లో నిజంగానే తేడా చూపించాయి. మీ అన్నయ్య చెప్తున్నది వీటి గురించే అయుండాలి.

ఎంత తేడా? లెకానెమాబ్‌ని 1,795 మంది మీద 18 నెలలు పరీక్షించారు. జబ్బు ముదిరే వేగం 27 శాతం తగ్గింది. పేపర్లో వచ్చేది ఈ అంకె. దీని వెనక ఉన్నది జబ్బు తీవ్రతని కొలిచే 18 పాయింట్ల కొలబద్ద మీద 0.45 పాయింటు తేడా. మందు తీసుకున్నవాళ్లు కూడా దిగజారారు, కాకపోతే నెమ్మదిగా. ఘాట్ రోడ్డులో దిగుతున్న బస్సు వేగం తగ్గింది, అంతేగానీ వెనక్కి కొండెక్కలేదు. పోయిన జ్ఞాపకాలు తిరిగిరావు.

పైగా ఇవి జబ్బు మొదట్లో ఉన్నవాళ్లకి మాత్రమే, అదీ పెట్ స్కాన్‌తోనో వెన్ను నీటి పరీక్షతోనో మెదడులో అమిలాయిడ్ ఉందని రుజువైతేనే. లెకానెమాబ్ మొదట్లో రెండు వారాలకోసారి సెలైన్‌లా ఎక్కించాలి, డోనానెమాబ్ నెలకోసారి. మధ్యమధ్య ఎమ్ఆర్ఐలు తీస్తూ ఉండాలి, ఎందుకంటే లెకానెమాబ్ ట్రయల్‌లో ఎనిమిది మందిలో ఒకరికి మెదడులో వాపు కనిపించింది. ఎక్కువమందికి ఏ బాధా తెలియలేదు, కానీ రక్తస్రావంతో చనిపోయినవాళ్లూ ఉన్నారు. ఏపీఓఈ4 అనే జన్యువు అమ్మ నుంచీ నాన్న నుంచీ కూడా వచ్చినవాళ్లకీ, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకీ ప్రమాదం ఎక్కువ.

స్నానానికి సాయం కావాల్సిన దశలో ఉన్న మీ నాన్నగారికి ఈ ఇంజెక్షన్ ఇవ్వకూడదు. డబ్బు సంగతి పక్కన పెట్టండి, న్యూజెర్సీలో ఉన్నా ఇవ్వరు. మీ అన్నయ్యకి ఈ మాట చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. దూరంగా ఉన్నవాడికి ఏదో ఒకటి చేయాలని ఉంటుంది, డబ్బు పంపడమే చేతనయ్యేది. ఆ డబ్బుతో పగలు ఒక శిక్షణ ఉన్న అటెండర్‌ని పెట్టమనండి, మీ నాన్నకీ మీకూ అంతకు మించిన మందు ఇవాళ లేదు. డోనెపెజిల్, మెమాంటిన్ మాత్రలు పాతవే, జబ్బుని ఆపవు, కానీ చాలామందికి కొంతకాలం రోజువారీ తీరు కాస్త తేలికవుతుంది, ఖర్చు కూడా తక్కువ. ఇప్పటికే వాడుతూ ఉంటే డాక్టరుని అడక్కుండా మానకండి.

అయితే నేను ఈ ఇంజెక్షన్లని కొట్టిపారేయను. జబ్బు నడకనే మార్చగలిగిన మొదటి మందులు ఇవి. టౌ మీద, మెదడులో వాపు మీద, మెదడులోని రోగనిరోధక కణాల మీద పనిచేసే మందులు ఇంకా ట్రయల్స్‌లో ఉన్నాయి. పరీక్షలు కూడా మారుతున్నాయి: పీ-టౌ217 అనే ప్రోటీన్‌ని కొలిచే రక్త పరీక్షకి 2025 మేలో అమెరికాలో అనుమతి వచ్చింది, మతిమరుపు లక్షణాలున్న 55 దాటినవాళ్ల కోసం. "మేమూ చేయించుకుంటాం" అని ఇంట్లో బాగున్నవాళ్లంతా బయల్దేరకండి, పాజిటివ్ వస్తే ఏం చేస్తారు?

ప్రశ్న: షుగరుకీ బరువు తగ్గడానికీ ఇచ్చే సెమాగ్లుటైడ్ మతిమరుపుని ఆపుతుందని యూట్యూబ్‌లో చూశాను.
(ఇందిరానగర్)

జవాబు: వీడియో పాతదై ఉంటుంది. ఆ ఆశ ఉన్నమాట నిజమే, అందుకే మొదటి దశ అల్జీమర్స్ ఉన్న దాదాపు 3,800 మందికి అదే మందుని మాత్ర రూపంలో ఇచ్చి రెండు పెద్ద ట్రయల్స్ చేశారు. 2025 నవంబర్లో ఫలితం చెప్పారు: జబ్బు నెమ్మదించలేదు. షుగరు కోసం రాసిచ్చి ఉంటే వాడండి, మతిమరుపు కోసం కొనకండి.

ప్రశ్న: మా నాయనకి పార్కిన్సన్స్. మా ఊరి వైద్యుడు దూలగొండి విత్తనాల పొడి ఇచ్చాడు, చెయ్యి వణుకు నిజంగానే తగ్గింది. ఇంగ్లిష్ మాత్రలు మానేస్తానంటున్నాడు. ఇంకోపక్క ఇక్కడే ఒక క్లినిక్ వాళ్లు స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే పూర్తిగా నయమవుతుంది, నాలుగు లక్షలు కట్టండి అంటున్నారు. ఏది నమ్మాలి?
(కె.ఆర్. పురం నుంచి చిత్తూరు పాఠకుడు)

జవాబు: వణుకు తగ్గడం మాయ కాదు. దూలగొండి గింజల్లో లెవోడోపా ఉంటుంది. మీ నాయన వేసుకునే ఇంగ్లిష్ మాత్రలో ఉన్నదీ అదే మందు!

ఈ జబ్బు గురించి 1817లో జేమ్స్ పార్కిన్సన్ రాశాడు. మెదడు అడుగున డోపమిన్ అనే, కదలికలకి అవసరమైన రసాయనాన్ని తయారుచేసే కణాలు చచ్చిపోవడం వల్ల వస్తుంది, చెయ్యి వణికేనాటికే సగానికి పైగా పోయుంటాయి. 1950ల చివర్లో స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్లకి రిసర్పిన్ ఇచ్చాడు (మన సర్పగంధి వేరులో దొరికేదే అది), అవి చెవులు వేలాడేసి కదలకుండా పడిపోయాయి. మెదడులో డోపమిన్‌గా మారే లెవోడోపా ఇవ్వగానే లేచాయి. ఆ పనికి ఆయనకి 2000లో నోబెల్ వచ్చింది, లెవోడోపా ఈరోజుకీ ఈ జబ్బుకి అన్నిటికన్నా గట్టి మందు.

మరి పొడితో ఇబ్బందేమిటంటే, ఏ చెంచాలో ఎంత మందు ఉందో ఎవరికీ తెలియదు. మాత్రలో లెవోడోపాతో పాటు కార్బిడోపా అనే తోడు ఉంటుంది, మందు దారిలోనే ఖర్చయిపోకుండా మెదడు దాకా చేరడానికి, వాంతులు రాకుండా ఉండడానికి. పొడిలో అది లేదు. మాత్రా పొడీ రెండూ పడితే డోసు ఎక్కువై బీపీ పడిపోవడం, లేనివి కనిపించడం, ఒళ్లు మెలికలు తిరగడం లాంటివి రావచ్చు. మాత్ర ఒక్కసారిగా మానేస్తే ఒళ్లు బిగుసుకుపోయి జ్వరంతో ప్రాణం మీదికి వస్తుంది, ఆ పని మాత్రం చేయనివ్వకండి. పొడి సంగతి దాచకుండా డాక్టరుకి చెప్పండి, తిడతారని భయపడకండి, నేనైతే తిట్టను.

మాత్ర "పనిచేయడం లేదు" అనేవాళ్లలో చాలామంది దాన్ని ముద్దపప్పు అన్నం తినగానే వేసుకుంటారు. పప్పు, గుడ్డు, మాంసంలో ఉండే ప్రోటీన్ ఈ మందుకి పోటీ వస్తుంది. భోజనానికి అరగంటో ముప్పావుగంటో ముందు వేసుకుని చూడమనండి, ఒక్కోసారి అదే డోసు రెట్టింపు పనిచేసినట్టు అనిపిస్తుంది. ఇంకోటి, 2016 వికలాంగుల హక్కుల చట్టంలో పార్కిన్సన్స్ కూడా ఉంది, సర్టిఫికెట్‌కి దరఖాస్తు చేసుకోవచ్చు.

ఇక నాలుగు లక్షల క్లినిక్. స్టెమ్ సెల్స్ (ఇతర కణాలుగా మారగల మూలకణాలు) మీద పరిశోధన నిజమైనదే, నాకు బాగా ఆశ ఉన్న దారుల్లో అదొకటి. జపాన్‌లో క్యోటో వాళ్లు ల్యాబ్‌లో పెంచిన డోపమిన్ కణాలని ఏడుగురి మెదడులో పెట్టారు, అమెరికా, కెనడాల్లో ఇలాంటిదే పన్నెండు మందికి చేశారు, రెండిటి ఫలితాలూ 2025లో వచ్చాయి. పెద్ద ప్రమాదం జరగలేదు, కొందరికి కదలికలు మెరుగయ్యాయి. అంతవరకే. లెక్క చూడండి, ఏడుగురు, పన్నెండు మంది. అది కూడా పుర్రెకి రంధ్రం చేసి, సరిగ్గా ఆ చోట పెట్టే ఆపరేషన్. మీ క్లినిక్ వాళ్లు చేతి నరానికి సెలైన్‌లా ఎక్కిస్తారు కదా, అలా ఎక్కించినవి మెదడులో ఆ మూలకి వెళ్లి డోపమిన్ కణాలై కూర్చుంటాయని ఎవరూ రుజువు చేయలేదు. మన దేశంలో పార్కిన్సన్స్‌కి స్టెమ్ సెల్స్ ఇవ్వడం అనుమతి ఉన్న ట్రయల్‌గా తప్ప చికిత్సగా అమ్మకూడదని ఐసీఎమ్ఆర్ మార్గదర్శకాలు చెప్తున్నాయి. ట్రయల్ అయితే దానికి సీటీఆర్ఐ (మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, పైగా పేషెంటు దగ్గర డబ్బు తీసుకోరు. ఆ నంబరు అడగండి, వాళ్ల మొహం చూడండి.

ప్రశ్న: ఇంట్లో తెలుగు, పనమ్మాయితో కన్నడం, ఫోన్లో సీరియళ్లు హిందీ, మనవడితో వచ్చీరాని ఇంగ్లిష్. ఇన్ని భాషలు కలిపేసి అమ్మ అయోమయపడుతోందని మా తమ్ముడి అనుమానం.
(జయనగర్ పాఠకురాలు)

జవాబు: తమ్ముడి అనుమానం తిరగబడింది. హైదరాబాద్ నిమ్స్ ఆస్పత్రిలో డిమెన్షియా ఉన్న 648 మందిని చూస్తే, ఒక్క భాషే వచ్చినవాళ్లకన్నా రెండు లేక అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లకి జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. తెలుగు, ఉర్దూ కలిపి మాట్లాడే హైదరాబాద్ కాబట్టే ఇది చూడగలిగారు. 2013లో అచ్చయింది, నడిపించిన సువర్ణ అల్లాడి గారు తర్వాత మన నిమ్హాన్స్‌కే వచ్చారు. నాకు ఇందులో బాగా నచ్చింది ఏమిటంటే, బడి మొహం చూడనివాళ్లలో కూడా ఆ తేడా కనిపించింది, అంటే అది చదువు మహిమ మాత్రమే కాదు. జబ్బు రాకుండా పోలేదు, ఆలస్యమైంది, అన్ని దేశాల అధ్యయనాలూ ఇదే చెప్పలేదు కూడా. అయినా అమ్మని పనమ్మాయితో కన్నడంలో బేరాలాడనివ్వండి.

ప్రశ్న: మాది శ్రీనివాసపుర దగ్గర పల్లె. బెంగళూరు నుంచి వచ్చి ఊళ్లోవాళ్ల రక్తం తీసుకుంటారు, కథలు చెప్పి తిరిగి చెప్పమంటారు, తలకి స్కాన్ కూడా. మా జేజి "రక్తం తీసకపోయి అమ్ముకుంటాండారు" అంటోంది. ఇదేమిటి? మందేమైనా ఇస్తారా?
(కోలారు జిల్లా)

జవాబు: జేజికి నా నమస్కారం చెప్పండి, అనుమానించడం తప్పేం కాదు. ఐఐఎస్‌సీలో ఉన్న సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ వాళ్లు మీ తాలూకాలో చేస్తున్న అధ్యయనం అది, పేరు శాన్స్‌కాగ్. 45 దాటిన పదివేల మందిని చేర్చుకుని ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ చూడాలని వాళ్ల ఉద్దేశం. మందు పరీక్షించడం కాదు, కాబట్టి మందు ఇవ్వరు.

ఎందుకంటారా? మెదడు ముసలితనం గురించి నేను పైన చెప్పిన అంకెల్లో చాలావరకు యూరప్, అమెరికాలో బాగా చదువుకున్న తెల్లవాళ్ల నుంచి వచ్చినవి. రాగిముద్ద తిని, కట్టెల పొయ్యి పొగ పీల్చి, మూడో తరగతితో చదువాపేసి, డెబ్బయ్యేళ్ల దాకా పొలం పని చేసిన మీ జేజి మెదడు ఎలా ముసలిదవుతుందో ఆ పుస్తకాల్లో లేదు. ఆవిడలాంటి పదివేల మందిని ముందు నుంచీ గమనిస్తే, ఎవరికి జబ్బొచ్చింది, వాళ్లకి పదేళ్ల ముందు బీపీ ఎంతుంది, రక్తంలో ఏం కనిపించింది అని వెనక్కి తిరిగి చూడవచ్చు. ఇలాంటివాటి నుంచే రేపు మన మనుషులకి సరిపడే మందులూ, ఏ వయసులో ఎవరిని పరీక్షించాలన్న లెక్కలూ వస్తాయి. ఇష్టం లేకపోతే మధ్యలో మానుకునే హక్కు జేజికి ఎప్పుడూ ఉంటుంది. కథ తిరిగి చెప్పమనడం మాత్రం జ్ఞాపకశక్తి పరీక్ష, దానికి కోపగించుకోవద్దనండి.

ప్రశ్న: మతిమరుపు రాకుండా బాదం, సరస్వతి ఆకు, సుడోకు... ఇందులో ఏది మంచిది?
(చాలామంది)

జవాబు: సరస్వతి ఆకు (ఇక్కడివాళ్ల ఒందెలగ) పచ్చడి బాగుంటుంది, తినండి, అది డిమెన్షియాని ఆపుతుందని రుజువు లేదు. సుడోకు చేస్తే సుడోకు బాగా వస్తుంది. బాదం ఖరీదు.

మీరు అడగనిది చెప్తాను: చెవులు. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ మన చేతిలో ఉన్న 14 కారణాలని లెక్కగట్టి, అన్నీ సరిదిద్దితే ప్రపంచంలో డిమెన్షియా 45 శాతం దాకా తగ్గొచ్చు లేదా వెనక్కి జరగొచ్చు అంది. అందులో అన్నిటికన్నా పెద్ద వాటా రెండిటిది, నడివయసు నుంచే వినికిడి తగ్గడం, చెడు కొలెస్ట్రాల్. బీపీ, షుగరు, పొగ, తాగుడు, ఒంటరితనం, చూపు తగ్గడం, కదలకుండా కూర్చోవడం, చదువు లేకపోవడం, గాలి కాలుష్యం వగైరా తర్వాత వస్తాయి. నాన్నకి చెవుడని అందరం నవ్వుకుంటాం, ఆయన టీవీ సౌండ్ పెంచుకుని, పెళ్లిలో మూలకి కూర్చుని, నెమ్మదిగా మాటలే మానేస్తారు. కళ్లజోడు పెట్టుకోవడానికి లేని నామోషీ చెవి మిషన్‌కి ఎందుకో నాకు అర్థం కాదు. నలభైలో ఉన్నవాళ్లు ముందు బీపీ చూపించుకోండి, నాన్నని చెవి పరీక్షకి తీసుకెళ్లండి.

ఇంకోటి ఈమధ్య బయటపడింది, వేల్స్‌లో సర్పి (షింగిల్స్) రాకుండా వేసే టీకాని 1933 సెప్టెంబర్ 2న, ఆ తర్వాత పుట్టినవాళ్లకే ఇచ్చారు. ఆ తేదీకి అటూ ఇటూ పుట్టినవాళ్లని పోల్చితే, టీకా వేసుకున్నవాళ్లలో ఏడేళ్లలో డిమెన్షియా సుమారు 20 శాతం తక్కువగా వచ్చింది. 2025లో అచ్చయింది. ఎందుకలా అన్నది ఇంకా తేలలేదు, కానీ సర్పి నొప్పి పడ్డవాళ్లని చూసినవాడిగా, యాభై దాటినవాళ్లు సర్పి టీకా గురించి డాక్టరుని అడగడానికి ఆ నొప్పే చాలు అంటాను.

ప్రశ్న: సాయంత్రమైతే చాలు అమ్మ బ్యాగు సర్దుకుని "ఇంటికి పోదాం పద" అంటుంది. ఇదే ఇల్లమ్మా అంటే ఏడుస్తుంది. పెన్షన్ డబ్బు కూడా ఎవరికో ఇచ్చేసిందేమోనని భయంగా ఉంది. పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకుంటే సరిపోతుందా?
(బనశంకరి పాఠకురాలు)

జవాబు: పొద్దు వాలేటప్పుడు కంగారు పెరగడం ఈ జబ్బులో మామూలే. వాదించకండి, ఆవిడ అడిగేది అడ్రసు కాదు, భయం తీరే చోటు. "పోదాం, కాఫీ తాగి వెళ్దాం" అనండి, ఐదున్నరకే లైట్లన్నీ వేసేయండి, వీలైతే ఆ వేళకి కింద ఒక చుట్టు తిప్పండి. ఒక్కసారిగా ఎక్కువైతే మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, నొప్పి ఏమైనా ఉన్నాయేమో ముందు చూపించండి. మీకే తట్టుకోలేనట్టు అనిపిస్తే టెలీ-మానస్ 14416కి చేయండి, తెలుగులో మాట్లాడతారు. పెద్దల హెల్ప్‌లైన్ 14567.

పవర్ ఆఫ్ అటార్నీ విషయంలో చాలామంది పొరపడతారు. మన కాంట్రాక్టు చట్టం ప్రకారం, అది రాసిచ్చిన మనిషికి మతిస్థిమితం పోతే ఆ కాగితం కూడా చెల్లకుండా పోతుంది, అంటే సరిగ్గా మీకు అవసరమైన రోజునే పనికిరాదు. అమ్మకి ఇంకా విషయం అర్థమయ్యే దశ అయితే వెంటనే చేయాల్సినవి వేరు: పెన్షన్ ఖాతా విషయంలో ఏ రకం జాయింటుకి వీలుంటుందో బ్యాంకులో అడిగి, వీలైతే 'ఐదర్ ఆర్ సర్వైవర్' (ఇద్దరిలో ఎవరైనా ఖాతా నడపగలిగే పద్ధతి) పెట్టించడం, మిగతా ఖాతాల్లో నామినీ పేర్లు చూసుకోవడం, వీలునామా రాయించి ఆ రోజు ఆవిడ తెలిసే సంతకం పెట్టిందని డాక్టరు సర్టిఫికెట్ జత చేయడం, ఫోన్లో యూపీఐ పరిమితి తగ్గించడం. ఆ దశ దాటిపోయి ఉంటే సంరక్షకులుగా నియమించమని హైకోర్టుకి వెళ్లాల్సి వస్తుంది, దానికి లాయరు, మెడికల్ రిపోర్టులు కావాలి. బ్యాంకుకి ఈ వారమే వెళ్లండి, అమ్మని పొద్దున పూట తీసుకెళ్లండి, అప్పుడే ఆవిడ తేటగా ఉంటారు.